నల్లబండి నిలబెట్టిన ఎర్రబండి

మోటారుసైకిళ్ళ షోరూములో చేరిన మొదటి రోజే మీ చేతికి ఒక రంగుల కాగితం ఇస్తారు. అందులో అన్నిటికన్నా ఖరీదైన బండి పేజీ నిండా ఉంటుంది. అదే బండిలో చవకరకం అడుగున ఒక మూల తపాలా బిళ్ళంత బొమ్మగా ఉంటుంది. ఆ కాగితం వేసినవాళ్ళు జన్మలో ఒక్క బండి కూడా అమ్మి ఉండరని నా గట్టి నమ్మకం. మీరు మాత్రం ముందు ఆ మూలనున్న బొమ్మను చూడండి. మీ జీతం అక్కడుంది. విచిత్రమేమంటే, పేజీ నిండా ఒయ్యారంగా నిలబడిన ఆ పెద్దబండి ప్రాణం కూడా అక్కడే ఉంది. ఈ ఒక్క సంగతి తలకెక్కడానికి నాకు సగం ఉద్యోగం పట్టింది కాబట్టి మీకు ముందే చెప్పేస్తున్నాను.

నేను తొంభైల మొదట్లో హిందూపురంలో ఒక షోరూములో సేల్స్‌మన్‌గా చేరి, అక్కడే తల నెరిపించుకుని బయటికొచ్చాను. పెనుకొండలోనూ ధర్మవరంలోనూ మాకు బ్రాంచీలుండేవి. ఏ సంవత్సరం ఏ హోదా ఇచ్చారో మీకూ అక్కర్లేదు, నాకూ సరిగా గుర్తు లేదు. గుర్తున్నవి మనుషులు, వాళ్ళు ఎక్కిన బండ్లు. వాటి గురించే ఈ నాలుగు మాటలు.

ఎవరి చెయ్యి ఎక్కడ పడుతుంది

మా వైపు బండి కొనడానికి ఒక్కడే రాడు. ఇల్లంతా వస్తుంది. అమరాపురం నుంచో కొత్తచెరువు నుంచో బస్సు దిగి నాయన, అమ్మ, అవ్వ, బండి కావాలని అన్నం మానేసిన కొడుకు, వాడికి వత్తాసుగా ఒక మేనమామ, అందరూ ఒకేసారి లోపలికొస్తారు. వచ్చినవాళ్ళను ఎంతలో చూపించమంటారని వెంటనే అడగకండి. మంచినీళ్ళిచ్చి, ఊరికే నిలబడి, ఎవరి చెయ్యి ఎక్కడ పడుతుందో చూడండి. కొడుకు చెయ్యి తిన్నగా ఎక్స్‌లేటరు మీదికి పోతుంది. అమ్మ చీర గార్డు పట్టుకుని కదిపి చూస్తుంది. అవ్వ సీటు మీద అరచెయ్యి వేసి పరుపు కొంటున్నట్టు నొక్కుతుంది. నాయన దేన్నీ ముట్టుకోడు. చేతులు వెనక్కి కట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగి, "శెనక్కాయల మూట యాడ కట్టల్ల?" అంటాడు. ఆ ప్రశ్నకు మీ దగ్గర జవాబుంటే బండి అమ్ముడైనట్టే.

ఆ రోజుల్లో మాకు అమ్ముడయ్యేవన్నీ అలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పే బండ్లే. బక్కగా, నల్లగా, చెప్పిన మాట వినేవి. ఎంత తోలినా ఒకే మోస్తరుగా పోయేవి. అమ్మడం సులభం, ప్రేమించడం కష్టం.

అద్దాల గదిలో ఎర్రబండి

రెండువేల సంవత్సరం దాటాక మా కంపెనీ ఒక రేసు బండి తయారు చేసింది. ఎర్ర రంగు. ఉబ్బిన ట్యాంకు, ముందు చక్రానికి డిస్కు బ్రేకు, సెల్ఫు స్టార్టు, ఒంటి నిండా స్టిక్కర్లు. లారీ మీంచి దించుతుంటే ఎదురుగా ఉన్న టీ బంకు ఖాళీ అయిపోయింది. నాకప్పటికే కళ్ళజోడొచ్చింది, ఇద్దరు పిల్లలు హైస్కూలుకు పోతున్నారు, అయినా సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ బండి శబ్దం మొదటిసారి విన్నప్పుడు నా ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళు గాడిదలనమ్మి ఇవాళ గుర్రాన్ని చూశానని ఇంటికెళ్ళి మా ఆవిడతో అన్నాను. ఆమె "కాళ్ళు కడుక్కో" అంది.

మా ఓనరు రంగప్పశెట్టి గారు. హిందూపురం బజారులో సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడే పాతకాలపు వ్యాపారి. మనిషి మంచివాడు, మాట నిలబెట్టుకునేవాడు, జీతం ఎప్పుడూ ఒకటో తారీఖు దాటించలేదు. కాని సెంటిమెంట్ల పుట్ట. ఎర్రబండికి పసుపు కుంకుమ పెట్టి, పూలమాల వేసి, అద్దాల గదిలో నిలబెట్టి ఒక ఆజ్ఞ జారీ చేశారు. రేసు బండికి బోణీ ఎవరో సామాన్యుడు చెయ్యకూడదు. మంచి చెయ్యి కావాలి. అది దొరికి హిందూపురంలో బోణీ అయ్యేదాకా పెనుకొండలోనూ ధర్మవరంలోనూ ఒక్కొక్కటి చొప్పున ఉన్న ఎర్రబండ్లను కూడా అమ్మకూడదు.

"మరి మంచి చెయ్యని ఎట్లా తెలుస్తుంది సార్?" అన్నాను.

"నాకు తెలస్తాది లేప్పా. దుడ్లు యాడికీ పోవు. చెయ్యి మంచిది రావల్ల," అన్నారు.

మడకశిర నుంచి ఒక బేకరీ ఆయన నిజంగానే కొనడానికి వచ్చాడు. శెట్టిగారు ఆయనను కూర్చోబెట్టి, కాఫీ తాగించి, బండి ఎవరికో మాటిచ్చేశామని పంపించేశారు. ఎందుకండీ అని అడిగితే, "ఆయప్ప తోటలో బోరు ఏపిస్తే సుక్క నీళ్ళు పడల్యా. అట్లాంటి చేత్తో బోణీనా?" అన్నారు. మా ప్రాంతంలో బోరు వేయించి నీళ్ళు పడనివాళ్ళను ఏరేస్తే బండి కొనడానికి ఇక మిగిలేది ఎవరండీ. ఇంకో పెద్దమనిషి అంతకుముందు స్కూటరు కొన్న వారమే మా షట్టరు విరిగిందట, ఆయనా పనికిరాలేదు. మూడు ఊళ్ళ కుర్రకారు రోజూ వచ్చి అద్దానికి ముక్కులానించి చూసి పోయేవాళ్ళు. సాయంత్రం ఆ ముక్కుల గుర్తులు తుడవడమే మాకు పనైంది. బండి మాత్రం కదల్లేదు.

ఒక్కో ఎర్రబండి వెంట కంపెనీవాళ్ళు ఒక నల్లబండిని కూడా బలవంతాన అంటగట్టారు. ఎర్రదాని చవకరకం అన్నమాట. కిక్కు కొట్టి స్టార్టు చేసుకోవాలి, డిస్కు లేదు, మామూలు డ్రమ్ము బ్రేకే, పుల్లల చక్రాలు, స్టిక్కరన్నది లేదు. వెనకాల ఇంత పెద్ద చీర గార్డు, సామాను కట్టుకునే క్యారియరు. ఇంజను మాత్రం అదే. శెట్టిగారికి అది నచ్చలేదు. "రాజు పక్కన కూలోని మాదిరి ఉండాది, పరువు పోతాది," అని హిందూపురంలో దాన్ని గోడౌనులో ఆయిలు డబ్బాల వెనక్కి తోయించారు. బ్రాంచీలకు కూడా అదే హుకుం.

మస్తాన్

ఇప్పుడు మస్తాన్ సంగతి చెప్పాలి. ఎందుకంటే ఈ బండ్లు ఉంటే నాకొక ముచ్చట, పోతే ఒక విచారం, అంతే. మస్తాన్‌కు అది బతుకు.

పెనుకొండలో హైవే పక్కన రేకుల షెడ్డులో సొంతంగా మెకానిక్ పని చేసుకునేవాడు. నాకన్నా చిన్నవాడు, నన్ను అన్నా అనేవాడు. ఏ బండైనా చెవితో చూస్తాడని పేరు. రేసు బండి వస్తోందని తెలిసినప్పుడు ఆ ఇంజను పని నేర్పించడానికి మూడు ఊళ్ళకూ కలిపి ఒక మనిషిని పంపమని కంపెనీ అడిగింది. మస్తాన్ తన షెడ్డు మూసేసి మా పెనుకొండ బ్రాంచీలో చేరి, చెన్నైకి పోయి ఆ పని నేర్చుకుని వచ్చాడు. వచ్చేటప్పుడు ఆ ఇంజనుకే పనికొచ్చే సామాన్ల పెట్టె ఒకటి ఇచ్చారు. దాన్ని ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. భార్య షాహిదా మొదట్నుంచీ వద్దంటూనే ఉంది. సొంత దుకాణం మూసుకుని ఇంకొకరి కింద చేరడమేంటని ఆమె బాధ.

"జన్మంతా పంచర్లు ఏసుకుంటా కూచోవల్లనా అన్నా? ఈ ఇంజను ఒగసారి ఇప్పి చూసినాక ఇంగ ఏదీ ముట్టబుద్ధి కాదు," అనేవాడు నాతో.

అంత మోజు పడి వచ్చినవాడికి విప్పడానికి ఒక్క బండి లేదు. అమ్మితే కదా రిపేరుకు వచ్చేది! చివరికి పెనుకొండకిచ్చిన నల్లబండిని తన ట్రయలు బండిగా పెట్టుకుని, దాని ఇంజను విప్పడం, బిగించడం, దాని మీదే మూడు ఊళ్ళూ తిరగడం చేసేవాడు. శెట్టిగారికి తెలుసు. నల్లదాన్ని ఆయన బండిగానే లెక్కపెట్టలేదు కాబట్టి ఏమీ అనలేదు.

దసరాకి కంపెనీ ఏరియా మేనేజరు సుందర్ వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు, తెలుగు కూడబలుక్కుని మాట్లాడేవాడు. అద్దాల గదిలో ఎర్రబండి మీద మాలలు మాత్రం మారుతున్నాయని గమనించాడు. "ఉగాది లోపల ఈ బండి ఇక్కడ కదలాలి సార్. కదలకపోతే మూడింటినీ వాపసు తీసుకుంటాం. మళ్ళీ ఇవ్వం. మెకానిక్ టూల్స్ కూడా వేరే ఊరికి ఇచ్చేస్తాం," అన్నాడు. చిన్న ఊళ్ళలో రేసు బండి చెల్లదని పై ఆఫీసులో అప్పటికే అనుకుంటున్నారట.

ఆ మాట నేనే పెనుకొండకు పోయి మస్తాన్‌కు చెప్పాను. పెట్టెలోని సామాన్లు తుడుస్తున్నవాడు తుడుస్తూనే ఉన్నాడు. "షాహిదాకు చెప్పొద్దన్నా," అన్నాడు.

ఓబులేసన్న ఎక్కిన బండి

ధర్మవరం బ్రాంచీ రైల్వే గేటు దగ్గర ఒక చిన్న గది. ఆ చలికాలంలో వారానికి రెండు రోజులు నేనే అక్కడ కూర్చునేవాణ్ణి. సీన అనే కుర్రవాడు రోజూ వచ్చేవాడు. ఇంట్లో పట్టుచీరల మగ్గం మీద పని చేస్తాడు. మగ్గం దిగగానే తిన్నగా ఎర్రబండి దగ్గరికి. ఒకరోజు వాళ్ళ నాయన ఓబులేసన్నను బతిమాలి తీసుకొచ్చాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, చురుగ్గా ఉన్నాడు. చంకలో చీరల మూట. చేతులు వెనక్కి కట్టుకోవడానికి లేక మూటతోనే బండి చుట్టూ తిరిగాడు.

"ఇది బండా, పీర్ల పండక్కి కట్టే పులి ఏషమా?" అన్నాడు.

నేను కంపెనీవాళ్ళు నేర్పించిన పాఠమంతా అప్పగించాను. డిస్కు అన్నాను, సెల్ఫు అన్నాను. ఆయన కొడుకు వైపు తిరిగి, "దీనిమింద మీయమ్మ యాడ కూచుంటాది? మూట నీ నెత్తిన పెట్టుకుంటావా? పదరా పద," అని గడప దాటేశాడు. సీన మొహం చూడలేక నేను బల్ల మీద కాగితాలు సర్దుకున్నాను.

సరిగ్గా అప్పుడే మస్తాన్ పెనుకొండ నుంచి నల్లబండి మీద వచ్చి గుమ్మం ముందు ఆగాడు. వెనక క్యారియరుకు సామాన్ల సంచి, దాని మీద షాహిదా మా ఇంటికి పంపిన సీతాఫలాల బుట్ట కట్టి ఉన్నాయి. బండంతా దుమ్ము. ఓబులేసన్న ఆగాడు. బుట్టను చూశాడు, చీర గార్డును చూశాడు, వంగి చక్రం పుల్లలు చూశాడు.

"ఇదేందప్పా, ఇది మనుషుల బండి మాదిరి ఉండాదే."

"ఇదీ అదే బండి మామా," అన్నాడు మస్తాన్.

"ఏది?"

"లోపలుండేది. ఇంజను ఒగటే. దానికి తళుకులుండాయి, దీనికి లేవు. ఎక్కు మామా, అట్ల పోయొద్దాం."

ఓబులేసన్న సీతాఫలాలు నాకిచ్చి, చీరల మూట కొడుక్కిచ్చి, వెనకాల ఎక్కాడు. బండి కొత్తచెరువు రోడ్డు పట్టింది. మేం ఇద్దరం గుమ్మంలో నిలబడ్డాం. ఎంతకూ రారు. సీన గోళ్ళు కొరుక్కుంటున్నాడు. తీరా వచ్చేటప్పుడు ముందు కూర్చుని తోలుతున్నది ఓబులేసన్న! చొక్కా గాలికి బుడగలా ఉబ్బి, ఉన్న నాలుగు వెంట్రుకలూ నిలబడి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. వెనక మస్తాన్ రెండు చేతులా క్యారియరు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఓబులేసన్నకు అంతకుముందు మోపెడ్ తోలిన అనుభవం తప్ప మరేదీ లేదని మాకు తర్వాత తెలిసింది.

"అన్నా, ఈ మామకు బండి అమ్మొద్దు. ఆపేవాళ్ళు ఉండరు," అన్నాడు మస్తాన్ దిగుతూనే.

ఓబులేసన్న ఆ మాట వినిపించుకునే స్థితిలో లేడు. బండి దిగకుండానే నన్ను నిలదీశాడు. "ఇంత మంచిది పెట్టుకోని ఆ పులిని ఎందుకు చూపిచ్చినారప్పా ముందర? నాకిది కావల్ల."

"నాకా నాయనా?" అని సీన ఆశగా అడిగాడు.

"నీకెందుకురా? నాకు. నువ్వు ఆదివారం తోలుకో."

ధర్మవరం బ్రాంచీ నల్లబండి ఆ రోజే అమ్ముడైంది. శెట్టిగారికి ఫోను చేస్తే, "నల్లదే కదా, అమ్ముకోండి. అది రేసు బండే కాదు, బోణీ లెక్కలోకి రాదు," అన్నారు. అదే మాట పట్టుకుని ఇంకో నల్లబండి తెప్పించాను, ఆపైన ఇంకొకటి. ఓబులేసన్న బండి వాళ్ళ వీధిలో పెట్టిన మంట అంతా ఇంతా కాదు. అంతవరకు సైకిలు మీద మూట వేసుకుని మెల్లగా పోయే మనిషి బస్టాండులో బస్సును దాటేసి పోతుంటే మగ్గం గుంటల్లో కూర్చున్న తోటి నాయనలకు కాళ్ళు నిలుస్తాయా? ఒక్కొక్కరే వచ్చారు. "మా పిల్లోడు అడుగుతాండాడు" అని మొదలుపెట్టి, తామే ఎక్కి కూర్చునేవాళ్ళు. ఇంట్లో చెప్పుకోవడానికి క్యారియరుంది, చీర గార్డుంది, ధర అందుబాటులో ఉంది. లోపల ఏ ఇంజనుందో ఆడవాళ్ళకు చెప్పొద్దని నా చేత ప్రమాణం చేయించుకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ఆడవాళ్ళకు తెలియకపోలేదు. ఒకావిడ వెనక కూర్చుని పోతూ, "ఇంగ రవ్వంత బిరీన పోలేవా?" అనడం నా చెవులతో విన్నాను.

నేను అంత సంతోషంగా పని చేసిన చలికాలం మరొకటి లేదు. మస్తాన్ ముందు ఇప్పుడు బండ్లు ఆగేవి.

పై వాళ్ళ గురించి నా ఉద్దేశం

మీకు తొందరగా రిటైరయ్యే ఆలోచన లేకపోతే ఈ మాటలు ఆఫీసులో చదవకండి. పైవాళ్ళు రెండు రకాలు. అమ్మకానికి పెట్టినదాన్ని దేవుణ్ణి చేసేవాళ్ళు ఒకరు. అంకెల్లో చూసి చంపేసేవాళ్ళు ఇంకొకరు. శెట్టిగారు మొదటి రకం, సుందర్ రెండో రకం. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరూ ఒకే తప్పు చేశారు. ఎర్రబండి వేరు, నల్లబండి వేరనుకున్నారు.

ఫ్యాక్టరీకి రంగు తెలీదు. ఒక ఇంజను చెయ్యడానికి పెట్టిన మెషీన్లకు రోజంతా పనుండాలి. పనుండాలంటే ఆ ఇంజను చాలామంది కొనాలి. పులివేషం కట్టిన బండి ఊరికొకరు కొంటారు. ఆ ఒక్కడి కోసం ఏ ఫ్యాక్టరీ ఇంజను చెయ్యదు, ఏ దుకాణం దాని సామాన్లు తెప్పించి పెట్టదు, ఏ మస్తానూ దాని పని నేర్చుకోడు. సైకిలు చెయిను కూడా వెయ్యనివాళ్ళు వేగం గురించి పెద్ద పెద్ద మాటలు చెబుతారు. వేగాన్ని నిలబెట్టేది మాత్రం చీరల మూట కట్టుకుని పోయే ఓబులేసన్నలే. అందుకే చవకరకం అడిగినవాణ్ణి చూసి మూతి తిప్పే సేల్స్‌మన్ నాకు కనబడితే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అడిగింది చూపించు నాయనా. వాడు అడుగుతున్నది అదే బండి.

అమావాస్య నాటి లారీ

ఇదంతా నాకు అర్థమైంది గాని కంపెనీకి కాలేదు. ఉగాది ముందు సుందర్ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. మూడు ఊళ్ళ ఎర్రబండ్లూ పెనుకొండలో చేర్చి పెట్టండి, అమావాస్య నాడు లారీతో వస్తున్నానన్నాడు. నల్లవి ఇన్ని అమ్మాం కదా అంటే, "అది చవకరకం సార్. జనం ధర చూసి కొన్నారు. పై ఆఫీసులో దాన్ని రేసు బండి లెక్కలో వేయరు. అసలు అది కూడా నిలిపేస్తారు," అన్నాడు. శెట్టిగారు చెప్పిన మాటే.

ఎర్రబండి పోతే పెట్టె పోతుంది. నల్లది ఆగిపోతే ఉన్న బండ్లకు సామాన్లు కూడా రావు. మస్తాన్ మళ్ళీ రేకుల షెడ్డు వెతుక్కోవాలి. ఈసారి షాహిదాకు చెప్పక తప్పలేదు. ఆమె పొద్దున్నే లేచి పెట్టెలో పరిచే గుడ్డ ఉతికి ఇచ్చిందని మస్తాన్ చెప్పాడు. తిట్టి ఉంటే బాగుండేది అన్నాడు.

అమావాస్య రోజు సుందర్ ఎంచుకోవడం ఒక్కటే మా అదృష్టం. ధర్మవరంలో అమావాస్య మగ్గాలకు సెలవు. నేతగాళ్ళు సొంత పనులు చూసుకునే రోజు అదే. బండి సర్వీసుకని పెనుకొండకు మస్తాన్ దగ్గరికి కూడా ఆ రోజే వస్తారు. చెన్నైలో కూర్చున్న మనిషికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? పొద్దున లారీ వచ్చి పెనుకొండ బ్రాంచీ ముందు ఆగేసరికి ఆవరణంతా నల్లబండ్లు. తండ్రీకొడుకులు, మొగుడూ పెళ్ళాలు, చద్దిమూటలతో సహా దిగారు. లారీ వెనక తలుపు తీయడానికి చోటు లేదు.

ఎర్రబండ్లు మూడూ గోడ పక్కన ఉన్నాయి. సర్వీసుకు వచ్చినవాళ్ళు తమ బండి మస్తాన్‌కు అప్పగించడం, పోయి వాటి చుట్టూ నిలబడడం. సుందర్ వాటిని లారీ ఎక్కించమని చెప్పగానే ఓబులేసన్న అడ్డం వచ్చాడు.

"యాడికి తీసకపోతాండారు సారూ?"

"వాపసు అండి. ఇక్కడ ఎవరూ కొనలేదు కదా."

"కొనకపోవడమేంది? ఇన్ని కొంటిమి, కండ్లు కనపడవా?" అని తన బండి సీటు మీద చరిచాడు.

"అది వేరే బండి అండి."

ఆవరణలో ఉన్న అంతమంది నేతగాళ్ళూ సుందర్ వైపు తిరిగారు. ఓబులేసన్నకు కోపం రాలేదు. పిల్లవాడికి చెప్పినట్టు నిదానంగా చెప్పాడు.

"చూడు సామీ. దాన్ని చూసే కదా మేము దీన్ని కొంటిమి. మావోడు నెలల తరబడి దాని ముందర నిలబడినాడు. వాడు నిలబడకుంటే నేను మీ అంగడి గడప తొక్కేవాణ్ణే కాదు. నీ బండి ఏందిరా అని ఎవరన్నా అడిగితే మేము దాన్ని చూపిస్తాండాం. దాని తమ్ముడప్పా ఇది, అంటాండాం. దాన్ని తీసకపోతే ఇది ఎవరి తమ్ముడని చెప్పుకోవల్ల? మావోనికి పెండ్లయి, రెండో మగ్గం ఎత్తుకున్నాక అదే కొంటాడు. అప్పుడు యాడికి పోవల్ల వాడు, నీ చెన్నైకా?"

సుందర్ ఏదో చెప్పబోయాడు. ఇంతలో శెట్టిగారు ముందుకొచ్చారు. ఆయన పొద్దున్నుంచీ ఒక కుర్చీలో దిగాలుగా కూర్చుని ఉన్నారు. "బోణీ ఎప్పుడో అయిపోయినాది సార్. నేనే తిక్కోణ్ణి, చూసుకోలేదు. నల్లదే బోణీ. ఈయప్పదే మంచి చెయ్యి," అన్నారు. సుందర్‌కు బోణీ అంటే ఏమిటో తెలియక నా వైపు చూశాడు. నేను చెప్పే స్థితిలో లేను, నవ్వు ఆపుకోలేకపోతున్నాను.

సుందర్ ఎర్రబండ్లను చూశాడు, వాటి చుట్టూ చేరిన కుర్రవాళ్ళను చూశాడు, నల్లబండ్ల వరసను ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూశాడు. ఒక బండి కిక్కు కొట్టి ఎక్స్‌లేటరు తిప్పి విన్నాడు. ఎర్రదాని దగ్గరికి పోయి అదీ స్టార్టు చేయించి విన్నాడు. ఆ తర్వాత రోడ్డు దాటి ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతులోకి పోయాడు. అద్దం అవతల ఆయన చేతులు ఊపుతూ అరవంలో చాలాసేపు వాదించడం మాకందరికీ కనబడుతోంది. ఓబులేసన్న చద్దిమూట విప్పి అందరికీ తలా ఒక ఉంట రాగిసంగటి పెట్టాడు. నేను నా ఉంట చేతిలోనే పట్టుకుని బూతు వైపు చూస్తూ నిలబడ్డాను.

తిరిగొచ్చినప్పుడు సుందర్ చొక్కా తడిసిపోయింది. "రెండూ ఒకే బండి అని చెప్పాను. ఒకే లెక్కలో వేస్తామన్నారు. ఎర్రవి ఇక్కడే ఉంచండి. నల్లవి ఎన్ని కావాలో పంపుతాను. టూల్స్ పెట్టె కూడా ఉండనివ్వండి," అన్నాడు. ఆవరణలో లేచిన కేకకు హైవే మీద పోయే బస్సు ఆగి చూసింది. శెట్టిగారు జేబులోంచి నోటు తీసి కొబ్బరికాయలకని ఒకణ్ణి పరిగెత్తించారు. నేను మాత్రం వర్క్‌షాపులోకి పరిగెత్తాను.

మస్తాన్ పొద్దున్నుంచీ బయటికి రాలేదు. లారీ మొహం చూడలేనన్నాడు. పెట్టె మూతపెట్టి గుమ్మం దగ్గర సిద్ధంగా ఉంచి, ఒక నల్లబండి ముందు గొంతుక్కూర్చుని తల వంచుకుని ప్లగ్గు బిగిస్తున్నాడు. బయట లారీ స్టార్టయి, గేటు దాటి, హైవే ఎక్కిన చప్పుడు వినిపించింది.

"మస్తాన్, లారీ..." అన్నాను. ఆయాసంతో మాట పూర్తి కాలేదు.

"ఖాళీగానే పోయింది కదన్నా," అన్నాడు వెనక్కి తిరగకుండా. "మన గేటు కాడ గుంతలో లోడు లారీ అట్ల ఎగరదు."

అప్పుడు తిరిగాడు. నాకు ఏడుపొచ్చింది, వాడికి నవ్వొచ్చింది. లేచి పెట్టెను లోపలికి లాక్కుని, మూత తీసి, షాహిదా ఉతికిచ్చిన గుడ్డ నేల మీద పరిచి, సామాన్లన్నీ ఒక్కొక్కటే మళ్ళీ దాని మీద పేర్చాడు. పేర్చడం అయ్యాక గుమ్మం వైపు తిరిగి, "ఇంగెవరిదప్పా బండి? తోసుకుని రాండి," అని కేకేశాడు.